స్ట్రాంగ్ బీరుకు లూదియా తీర్పు

జోసెఫ్ సాక్ష్యం చెప్పిన ఆదివారం నుంచి లూదియాకు కడుపు మండుతూనే ఉంది.

ఆళ్లగడ్డ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, కళ్లు తుడుచుకుంటూ మరీ చెప్పాడు ఆ మహానుభావుడు. "నా పెండ్లాన్ని నేను కొట్టలేదయ్యా. తాగుడు దయ్యం నా చేతుల్తో కొట్టిచ్చింది. ఆ దయ్యాన్ని ప్రభువు ఎళ్లగొట్టినాడు" అన్నాడు. జనమంతా "స్తోత్రం, స్తోత్రం" అంటూ చప్పట్లు కొట్టారు. కొందరైతే నంద్యాల నుంచి ప్రార్థనకొచ్చి ఆడవాళ్ల వరుసలో కూర్చున్న లూదియా వైపు తిరిగి నవ్వారు కూడా. దెబ్బలకు రాలిన పన్ను ఆమెది, వచ్చిన చప్పట్లు మొగుడివి.

జోసెఫ్ డోన్‌లో లారీల మీద పనిచేసేవాడు. ఇంటికొచ్చినప్పుడల్లా తాగే వచ్చేవాడు, తాగొచ్చినప్పుడల్లా కొట్టేవాడు. దెబ్బలు తినీ తినీ ఒళ్లు హూనమయ్యాక ఆమె నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని నంద్యాల చేరింది. హైవే పక్కన కొత్తగా పెట్టిన హోటల్లో వంటకు కుదిరి, చిన్న గది అద్దెకు తీసుకుంది. ఇప్పుడు ఆయనగారు మారాడట. మందు ముట్టడట. మళ్లీ కాపురానికి రావాలట.

సంఘ పెద్ద కృపావరం ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "తప్పు తాగుడుదమ్మా, వానిది కాదు. తాగుడే పాయె, ఇంక నీకేం కష్టం?" అంటాడు. శనివారం సాయంత్రం జోసెఫ్‌ను వెంటబెట్టుకుని వస్తానని, ఆ రోజు ఏదో ఒకటి తేల్చి చెప్పాలని అన్నాడు.

ఆ మాటకు లూదియా దగ్గర జవాబు లేదు. ఆమె కోపమంతా అక్కడే. తానేమో చర్చిలో పుట్టి పెరిగిన మనిషి, మందు వాసనకే మొహం తిప్పుకునే మనిషి. నిజంగానే దాంట్లో దయ్యం ఉందేమో, మనిషి చెయ్యి మనిషి మాట వినకుండా పోతుందేమో! కాదని కొట్టిపారేయడానికి తనకేం తెలుసు?

ఆ హోటల్లో బీరు అక్కడే తయారు చేస్తారు. బెంగళూరులో పని నేర్చుకొచ్చిన అభినవ్ దాన్ని చేసే మనిషి. కొత్త రకం ఏది చేసినా అమ్మకానికి పెట్టకముందే పనివాళ్లందరికీ తలా ఒక గ్లాసు పోసి, ఎలా ఉందో చెప్పమంటాడు. ఆ వేళకు లూదియా గిన్నెలు తోమే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయేది. శనివారం మధ్యాహ్నం మాత్రం వెళ్లలేదు.

"లూదియక్కా, నీకు వద్దులే" అంటూ అభినవ్ ఆమెను దాటి పోబోయాడు.

"యాల వద్దు? ఇట్ల తే."

"అక్కా, ఇది జొన్నలేసి చేసిన స్ట్రాంగ్ బీరు. మామూలు దానికి రెండింతలు ఎక్కుతాది."

"అట్లాంటిదే కావాల."

ముందు రంగు చూడాలని, తర్వాత వాసన చూడాలని, గుటక నోట్లో కాసేపు తిప్పి మింగేయాలని చెప్పాడతను. ఉమ్మేస్తే లెక్కలోకి రాదట, చేదు సంగతి తేలేది గొంతులోనేనట. రంగు చింతపండు పులుసులా ఉంది. వాసన చూస్తే మాడీ మాడని బెల్లం పాకం. మొదటి గుటకకే ఆమె మొహం ముడుచుకుపోయింది. థూ, ఈ చేదు కోసమా ఇల్లు గుల్ల చేశాడు! రెండో గుటకలో చేదు కింద తీపి దొరికింది, వెచ్చగా గుండెల్లోకి దిగింది. గ్లాసు ఖాళీ చేసి ఇంకొకటి పోయించుకుంది.

తల తేలికైంది. నాలుక మందమైంది. దయ్యం ఎప్పుడొస్తుందా అని తన చేతులకేసి చూసుకుంటూ స్టూలు మీద కూర్చుంది.

అంతలో సర్వర్ ప్రేమ్ సాగర్ ఆమె పొద్దున్నుంచీ నిలబడి వండిన గుత్తివంకాయ గిన్నెను మోచెయ్యి తగిలించి పడేశాడు. కూరంతా నేలపాలు. లూదియాకు ఒళ్లు భగ్గుమంది. వాణ్ణీ, వాడి కళ్లనూ, వాణ్ణి పనిలో పెట్టుకున్నవాళ్లనూ కలిపి నోరారా తిట్టింది. చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు. లేవాలని దానికి తోచనే లేదు.

"ఎట్లుందక్కా బీరు?" అని అభినవ్ భయం భయంగా అడిగాడు.

"ముందు చేదు ఎక్కువైందప్పా, కడాకు బాగుండాది. దీంట్లో తప్పేం లేదు" అంటూ లూదియా భోరున ఏడ్చింది. దుఃఖం కాదది, ఇన్నేళ్ల కోపం. బీరు బాగుందని చెప్పి ఏడ్చేవాళ్లను అభినవ్ ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం కృపావరం, జోసెఫ్ ఇద్దరూ లూదియా గదికి వచ్చారు. జోసెఫ్ తెల్లచొక్కా వేసుకున్నాడు. వాళ్లు కూర్చున్నారో లేదో లూదియా మొదలుపెట్టింది.

"మధ్యాన్నం నేను బీరు తాగినా కృపావరమన్నా. స్ట్రాంగుది, రెండు గ్లాసులు."

"ప్రభువా! ఏం మాటమ్మా ఇది?"

"తలకాయ తిరిగింది. ఒకడు నా కూరంతా పారబోసినాడు, కోపమూ వచ్చింది. అయినా ఎవురినీ కొట్టలే. ఆ దయ్యం కోసం చూసీ చూసీ యాష్టకొచ్చింది నాకు."

జోసెఫ్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "ఆడదానివై తాగొచ్చి, మల్లా మాట్లాడతాండావా!" అంటూ ముందుకొచ్చాడు. కుడిచెయ్యి పైకి లేచింది.

లూదియా వెనక్కి జరగలేదు.

"ఈపొద్దు నువ్వేం తాగినావు జోసెఫ్?"

లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ చేతినే చూస్తూ కృపావరం మెల్లగా జవాబు చెప్పాడు.

"టీ తాగినాడమ్మా. నాతోపాటే."