మీటరు మాస్టారి గాలి లెక్క

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. కరెంటువాళ్లు పాత మీటర్లు పీకేసి, తమ లెక్క తామే ఆఫీసుకు పంపుకునే కొత్త మీటర్లు బిగించిన రోజున ఆయన తన సొంత మీటరు ఒకటి తెచ్చి దాని పక్కనే పెట్టుకున్నారు. అప్పటినుంచీ మీటరు మాస్టారైపోయారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతారు గనుక మాస్టారన్న మాట వరకూ అబద్ధం లేదు. రెండు మీటర్లూ ఒకే లెక్క చూపించాయి. ఆయన సంతోషించలేదు సరికదా, "ముందు నమ్మకం కుదిరేదాకా సరిగ్గానే చూపిస్తారు, అసలు కథ తర్వాత ఉంటుంది" అన్నారు.

ఆయన అనుమానాలకు అంతూపొంతూ లేదు. టీవీలో నాయకుడు అభివృద్ధి రెట్టింపైందంటే, "దేనికి రెట్టింపయ్యా? సున్నాకి రెట్టింపూ సున్నానే" అని టీవీతో తగువు వేసుకుంటారు. ప్రతిపక్షంవాళ్లు సగమైందన్నా ఇదే తంతు. ఫోను చాటుగా మన మాటలు వింటోందో లేదో తేల్చడానికి దాన్ని బల్లమీద పెట్టుకుని, "మనకో గుర్రం జీను కొనాలోయ్" అని భార్యతో పదేపదే గట్టిగా అన్నారు. జీను ప్రకటన ఒక్కటీ రాలేదు. "చూశావా? పరీక్ష పెడుతున్నామని పసిగట్టేసింది!" అన్నారు. ఆమె పడీపడీ నవ్వింది. అప్పట్లో ఆమె నవ్వితే దగ్గు వచ్చేది కాదు.

ఇప్పుడు వస్తోంది. ఆమె బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. గొంతే ఆమె పనిముట్టు. ఈమధ్య పద్యం సగం చెప్పేసరికి ఆయాసం తన్నుకొచ్చి, మిగతా సగం పిల్లలే అప్పజెప్పేస్తున్నారు. సెలవు పెట్టి చెల్లెలి ఊరు వెళ్తే నాలుగు రోజుల్లో తేరుకుంటుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చి, "మీకు ఇక్కడి గాలి పడ్డంలేదమ్మా" అన్నాడు. అది విన్న చెల్లెలు, "అక్కా, ఇక్కడికే బదిలీ చేయించుకో, బావగారు వారానికోసారి వచ్చి పోతార్లే" అంది. ఆమె వద్దనలేదు. ఆ వద్దనకపోవడం మాస్టారి గుండెల్లో ముల్లులా దిగింది.

ఇక్కడి గాలి అంటే ఏ గాలి? వీధి మొగలో వార్డు మెంబరు ఎన్నికల ముందు గాలిలో దుమ్మెంతో కొలిచి చూపించే బోర్డు ఒకటి పెట్టించాడు. అంకెల కంటే ఆ మెంబరు ఫొటోయే పెద్దది. ఎండైనా వానైనా, లారీలు బారులు తీరినా, బోర్డు మీద పచ్చదీపం వెలుగుతూ "గాలి బాగుంది" అనే చెబుతుంది. మాస్టారు కాపు కాశారు. పొద్దున్నే ఒక మనిషి గొట్టం పట్టుకొచ్చి, ఆ బోర్డు స్తంభం చుట్టూ మాత్రమే, దుమ్ము అణిగేదాకా నీళ్లు చల్లిపోతున్నాడు.

ఆయన నేరుగా వార్డు మెంబరు ఆఫీసుకు వెళ్లారు. "ఇదేం లెక్కండీ? జ్వరమొచ్చినవాడి చంకలో మంచుముక్క పెట్టి, ఆనక థర్మామీటరు పెట్టినట్టుంది!"

"అబ్బెబ్బే, అవి మొక్కలకు పోసే నీళ్లండీ మాస్టారూ."

"అక్కడ సిమెంటు తప్ప మొక్కేదీ?"

"వేస్తామండీ" అన్నాడు మెంబరు చల్లగా.

దొంగ దొరికాడు. మాస్టారికి ఇంకేం కావాలి? ఆ రోజే టేపు చుట్టలు కొనుక్కొచ్చి ఇంటి కిటికీలన్నీ చీమ దూరే సందు లేకుండా మూసి అతికించేశారు. "ఏమండీ, ఆ ఒక్క కిటికీ అయినా తీయండి, ఊపిరాడట్లేదు" అని ఆమె అడిగితే, "బయటున్నది విషం. నీకు తెలీదు" అన్నారు. మళ్లీ అడిగితే ఒక గ్రాఫు గీసి చూపించారు.

అడగ్గా అడగ్గా ఆమె అడగడం మానేసి బదిలీకి దరఖాస్తు రాసిపెట్టుకుంది. పై వారం పంపేస్తానంది. మాస్టారికి కాళ్ల కింద నేల కదిలింది. ఈలోగా మెంబరు మెడలు వంచి వీధి గాలి బాగుచేయిస్తే ఆమె ఆగుతుందనుకున్నారు. అందుకు తిరుగులేని రుజువు కావాలి. గాలిలో మసి, పొగ కొలిచే పెట్టె ఒకటి సొంతంగా తయారుచేశారు. వీధంతా తిప్పారు. బోర్డు చెప్పినంత బాగా లేదు గానీ ఆయన ఊహించినంత విషమూ లేదు. ఉసూరుమంటూ ఇంటికొచ్చి పెట్టెను తన పనిబల్ల మీద పెట్టారు. అంకె రివ్వున పైకి లేచింది.

పెట్టె పాడైందనుకున్నారు. కాలేజీ నుంచి ఇంకొకటి తెచ్చారు. అదీ అదే పాట పాడింది. ఒక కిటికీ టేపు పీకి తెరిచారు, అంకె దిగింది. మూసి, సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి ఒక తీగ అతికించారు. సన్నటి పొగ లేచింది, దానితోపాటే అంకె కూడా. మళ్లీ చేశారు. మళ్లీ అదే.

ఆ బల్ల ఒకప్పుడు వరండాలో ఉండేది. రోజూ సాయంత్రాలు పాత రేడియోలూ మీటర్లూ అక్కడే విప్పి అతికించేవారు. ఎదురింటివాళ్లు కెమెరా పెట్టించుకుంటే, అది తన మీదే గురిపెట్టిందని అనుమానమొచ్చి, బల్లను పడకగదిని ఆనుకున్న గదిలోకి లాక్కొచ్చారు. ఆ తర్వాతే ఆమెకు దగ్గు మొదలైంది. ప్రభుత్వాన్నీ, ఫోన్నీ, మీటర్నీ, మెంబర్నీ అనుమానించిన మనిషికి తన బల్ల మీద మాత్రం ఒక్కనాడూ అనుమానం రాలేదు. సిగ్గుతోపాటు భయం కూడా వేసింది. ఇన్నాళ్లూ తానే ఆమెకు ఆ పొగ పట్టించి, పైగా కిటికీలు మూశారు.

ఆమె పక్కగదిలో బట్టలు సర్దుకుంటోంది. మాస్టారు రెండు పెట్టెలూ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"దోషం వీధిది కాదు. నా పొగదే. ఇదిగో చూడు, రెండూ ఒకే మాట చెబుతున్నాయి."

ఆమె పెట్టెల వైపు చూడలేదు. "నేను కిటికీ తీయమంటే ఏమన్నారండీ?"

"అప్పటికి రుజువు లేదు కదా..."

"దగ్గుతున్నది నేను. అంతకంటే రుజువేం కావాలి?"

మాస్టారు పెట్టెలు కింద పెట్టి టేపులన్నీ పీకారు. బల్లను ఒక్కరే ఈడ్చుకుంటూ తీసుకెళ్లి, ఎదురింటి కెమెరాకు ఎదురుగా వరండాలో వేశారు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి ఆమె సంచి భుజాన తగిలించుకుంది. దరఖాస్తు సంగతి అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"చెల్లి దగ్గర కొన్నాళ్లుండి వస్తాను. ఈలోగా ఇంటికి కాస్త గాలి ఆడనివ్వండి. వచ్చాక నా ఊపిరి నేను చూసుకుని, ఉండాలో వెళ్లాలో చెబుతాను."

"సరే. వెళ్లాక ఎలా ఉందో ఫోను చెయ్యి."

"చెబితే నమ్ముతారా?"

"నమ్ముతాను" అన్నారు మాస్టారు.

ఆమె చెప్పులు వేసుకోబోతూ ఆగి, ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది.