ఆఖరి పోగు

ఆ రోజుల్లో మా పేటలో సోషలిజం అంటే ఏమిటని అడిగితే ఎవరూ పుస్తకం తెరిచేవారు కాదు, మా మావయ్య ఇంటివైపు వేలు చూపించేవారు. ఇప్పుడు అదే పేటలో ఎవరిని కదిపినా ఒకటే కథ చెబుతారు. ఫిషింగ్ హార్బర్ వెనక మావయ్య నడిపిన చదువుల గది కంప్యూటర్ల దెబ్బకు పోయిందట, కాలం మారిందట, అందులో ఎవరి తప్పూ లేదట. కాలం మీదకి తోసెయ్యడం తేలిక, అది తిరిగి జవాబు చెప్పదు కదా! నేను చెబుతాను. ఆ గది పోయింది నా వల్ల. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నేనూ ఒక కోనెం చేపా కలిసి పోగొట్టాం.

మావయ్య పోర్టులో సరుకులు మోసే కళాసీ, యూనియన్‌కి కార్యదర్శి. ఐస్ ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో రెండు బెంచీలు, ఒక బీరువా, గోడ మీద గడ్డాల పెద్దమనుషుల పటాలు (వాళ్లు ఏ స్వాములో తెలియక మా అమ్మ చాన్నాళ్లు దండం పెట్టుకుంది). మా ఇంట్లో చేపల బుట్టలకు చోటుండేది గాని పుస్తకాలకు ఉండేది కాదు. నేను డిగ్రీ దాకా వచ్చానంటే ఆ బెంచీ మీద కూర్చునే వచ్చాను. తొంభైల మధ్యకు వచ్చేసరికి కుర్రాళ్లు అటు రావడం మానేశారు. మావయ్య కొడుకు, అంటే నా బావ (లేదు, చేసుకోలేదు, ఆ సంగతి ఇక్కడితో వదిలేయండి), గాజువాకలో కంప్యూటర్ కోర్సు చేసొచ్చి, గది తనకిస్తే పేట పిల్లలకు నేర్పుతానన్నాడు. మావయ్య సరేననలేదు, కాదనీ అనలేదు. "గది రేపటోళ్లది, ఆళ్లే సెప్పాల" అని ఒక ఆదివారం సాయంత్రం గది ముందే సభ పెట్టించాడు. ముప్పై నిండని వాళ్లే చేతులెత్తాలని నియమం. పెద్దవాళ్లు వినడానికి మాత్రమే.

మావయ్య మాట్లాడినంతసేపూ కుర్రాళ్లు చెప్పుల వైపు చూసుకున్నారు. తర్వాత బావ లేచాడు.

"నాన్నా, మా వయసోళ్లకి సోషలిజం అంటే ఏటి తెలుసు? రేషన్ షాపు కాడ లైను తెలుసు, అంతే."

"ఆ లైన్లో తెచ్చిన బియ్యం తినే ఇంతోడివైనావురా."

"తిన్నాను. నాను నేదనలేదే! మా పిల్లలు లైను నేకుండా తినాలంతన్నాను. తప్పేటి?"

చప్పట్లు మోగాయి. మావయ్య నావైపు చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. పేటలో ఎవరు ఎవరితో వాదనలో ఓడిపోతున్నా నన్నే పిలిచేవారు. (పిలవకపోయినా వెళ్లేదాన్ననుకోండి.)

మైకు అందుకుని ఊగిపోయాను. సోషలిజం మావయ్య బీరువాలో లేదు, మన పడవల్లో ఉందన్నాను. వేలానికి ముందు కూరచేపలు పక్కకు తీసి మనిషికో పోగు పెడతాం కదా, ఒకడు వీపు తిప్పి నిలబడతాడు కదా, ఇంకొకడు పోగు మీద వేలు పెట్టి "ఇదెవరికి?" అంటే చూడకుండా పేరు చెబుతాడు కదా! పడవ యజమానైనా, నిన్న చేరిన కూలివాడైనా వచ్చింది పట్టుకుపోవాల్సిందే. ఇంతకంటే సమానం ఏ దేశంలో ఉందో చూపించమన్నాను. ఈసారి చప్పట్లు నాకు. అక్కడితో కూర్చుంటే గది ఇప్పటికీ నిలిచి ఉండేది. కాని, చేసి చూపిస్తానన్నాను.

గది నడిపే కమిటీలో మావయ్యతో కలిపి తొమ్మిదిమంది. సభ అయ్యాక వాళ్లు ఇళ్లకు పట్టుకెళ్లడానికని పడవలవాళ్లిచ్చిన చేపలు బుట్టలో ఉన్నాయి. మా అమ్మ జెట్టీ నుంచి నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. టార్పాలిన్ పట్టా పరిచి తొమ్మిది పోగులు పెట్టాను. అన్నీ చిన్న చేపలు, ఒక్క కోనెం (బయట వంజరం అంటారు, ఖరీదైన చేప) మాత్రం నా చెయ్యంత పొడుగు. పద్ధతి ప్రకారం దాన్ని కోసి పంచాలి. కొయ్యకుండా ఒకే పోగులో పెట్టాను. మావయ్య వీపు తిప్పాడు. నేను వేలు పెట్టడం, ఆయన ఒక్కొక్క పేరే చెప్పడం, ఆ మనిషి వచ్చి ఎత్తుకోవడం. ఎనిమిది పోగులు వెళ్లిపోయాయి. తొమ్మిదోదాని మీద వేలు పెట్టి, గొంతులో ఏమీ లేనట్టు "ఇదెవరికి?" అన్నాను.

"ఆగండెహే!" అన్నాడు బావ. "ఏటే, కోనెం ఆఖర్న ఉంచీసినావేటి? మా నాన్న తన పేరు ఎప్పుడూ ఆఖర్న సెప్తాడని నీకు తెల్దా?"

తెలుసు. తెలిసే ఉంచాను. ఆయన ఇంట్లో కోనెం వండి ఎన్నాళ్లయిందో కూడా నాకు తెలుసు. సభంతా గొల్లుమంది. ఆ నవ్వులు ఇంకా ఆగకముందే మా అమ్మ ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది.

"అన్నియ్యా, నానొకటి అడుగుతాను. తొమ్మిది పోగులూ మగోళ్లకేనా? మోసినదాన్ని నాను. రేపు వీధులంట తిరిగి అమ్మేదాన్ని నాను. ఏ పడవ కాడైనా నాకు పోగెట్టినారా ఎప్పుడైనా?"

అంత గొప్పగా చెప్పిన నా పద్ధతిలో మా అమ్మ పేరే లేదని నాకు అప్పటిదాకా తట్టలేదు. మావయ్య వీపు తిప్పే ఉన్నాడు. ఆ వీపును అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. చొక్కా మీద చెమట మరక పెద్దదవుతోంది. చివరికి ఇటు తిరగకుండానే అన్నాడు, "సెల్లికి."

తర్వాత చేతులెత్తారు. బావవైపే ఎక్కువ లేచాయి. నాది మావయ్యవైపే లేచింది, కాని అప్పటికి నా చెయ్యికి విలువేముంది? పక్కింటి పిల్ల, నాతోపాటే కాలేజీకి వచ్చేది, వెళ్తూ వెళ్తూ అంది: "నీ సోషలిజంలో కూడా నచ్చినోళ్లకే కోనెమైతే, కంప్యూటరే నయం కదే."

మర్నాడు బీరువా ఖాళీ చేస్తూ మావయ్య నన్ను తిట్టలేదు. పటాలు గుడ్డలో చుట్టి, "వీపు నానొక్కణ్ణే తిప్పితే సరిపోదే గుంటా" అన్నాడు, అంతే. ఆ గదిలో బావ పెట్టిన మొదటి క్లాసులో సిగ్గులేకుండా నేనూ చేరాను. నా మొదటి ఉద్యోగం ఆ చదువుతోనే వచ్చింది. బావ నేర్పినవాళ్లు చాలామంది బాగుపడ్డారు, కాదనను. బాగుపడినవాళ్లు ఫలానా చోట కూర్చుని చదువుకున్నామని ఎవరూ చెప్పుకోకపోవడం మాత్రం చూస్తున్నాను.

మావయ్య ఆ తర్వాత పదేళ్లు బతికాడు. ఆయనతో ఉల్లిపాయల ధర నుంచి ఉక్కు ఫ్యాక్టరీ దాకా దేని మీదైనా వాదించాను, ఆ సాయంత్రం ఆయన "సెల్లికి" అన్న ఒక్క మాట మీద తప్ప. అమ్మనడిగితే, "అన్నియ్య ఇచ్చినాడు, తిన్నాం. నీకింకేటి గావాల?" అని కసిరింది. మైకు పట్టుకుని లోకాన్నంతా తొమ్మిది పోగులు పెట్టేసిన ఆ పిల్ల ఇప్పుడెదురైతే నవ్వుతాను, కాస్త తల కూడా నిమురుతానేమో. కాని నాకు కావలసింది ఉంది. ఆ సాయంత్రం వీపు తిప్పుకుని మావయ్య మా అమ్మకు ఇచ్చింది, పనిచేసిన మనిషికి రావలసిన వాటానా, అన్న చెల్లెలికి పెట్టే సారెనా?