కుప్పానికి పోని కబురు

మా నాయన పుంగనూరులో ఉండే ఇల్లు నా పేరుకి రాసిపెట్టి పోయినాడు. పొలమూ ట్రాక్టరూ కొడుక్కి ముందే ఇచ్చేసినా గాబట్టి ఇల్లు కూతురికి అని వీలునామాలో తేటగా రాయించినాడు. రాయించి ఏం లాభం? మా అన్న ఆ సంతకమే నాయనది కాదన్నాడు. ఇల్లు కొంటానని వచ్చినాయనేమో బ్యాంకు లోను మీద కొనేవాడు. బ్యాంకోళ్ళు వీలునామా అటు తిప్పి ఇటు తిప్పి, ఇది నిజమైనదేనని కోర్టు ప్రొబేట్ ఇస్తే తప్ప లోను లేదన్నారు. నాది మదనపల్లెలో బాడుగిల్లు, మొగుడు లేని సంసారం. ఆ ఇల్లు అమ్మి నాదంటూ రెండు గదులు కొనుక్కోవాలని ఆశ. ఆశపడింది తప్పు గాదు, దానికి నేను సిగ్గుపడేది లేదు.

మదనపల్లెలో మా లాయరమ్మ ఫైలు చూసి, వీలునామాకి సాక్షి సంతకం పెట్టినోళ్ళలో ఒకరన్నా కోర్టుకొచ్చి 'నా కండ్ల ముందరే పెట్టినాడు' అని చెప్పాల అనింది. సాక్షులు ఇద్దరు. ఒకాయన నాయన కంటే ముందే కాలం చేసినాడు. రెండో ఆయన కుప్పం మామ.

కుప్పం మామ మాకు చుట్టం గాదు, ముస్లిమ్ ఆయన. నాయనా ఆయనా ఒకే లారీకి ఇద్దరు డ్రైవర్లు, నాయనని ఆయన అన్నా అనే పిలిచేవాడు. మదనపల్లె మార్కెట్లో టమోటా ఎత్తుకోని మద్రాసుకి పోతే ఒకరు తోలేది, ఒకరు వెనక పలక మీద పండుకునేది. వాళ్ళ వయసంతా అట్లనే గడిచిపోయింది. వాడు తోలతాంటే నాకు ఇంట్లో కంటే బాగా నిద్ర పట్టేది అనేవాడు నాయన. నా పెండ్లిలో సాంబారు బకెట్టు ఎత్తుకోని పంక్తిలో తిరిగింది ఈ మామే. వయసైనాక కుప్పంలో ఉండే కూతురి దగ్గరికి పోయినాడు. అప్పటి నుంచి ఇద్దరికీ ఫోన్లోనే కాపరం.

అట్లాంటి మనిషికి మా నాయన చచ్చిపోయినాడని మేము చెప్పలేదు.

ఏమంటే, చెప్పేదానికి సాకులు శానా ఉండాయి. నేను నాయన ఫోటోకి దండేసి వాట్సాప్ స్టేటస్ పెట్టినా, ఆయనది బటన్ల ఫోను. అన్న చెప్పుంటాడని నేను, నేను చెప్పుంటానని అన్న. ఇదంతా నిజమే గానీ పూర్తి నిజం గాదు. మూడోనాడు సమాధి మీద పాలు పోసి ఇంటికొస్తాంటే నాకు మామ గుర్తొచ్చినాడు. కర్మంతరానికి పిలుస్తాంలే అనుకున్నా. కర్మంతరం నాటికి అన్నా నేనూ ఇంటి కోసరం వీధి వినేట్టు అరుచుకుంటాండాం, ఇంక మామ యాడ గుర్తుంటాడు? ఆ తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా, ఇన్నాళ్ళకి ఏం మొకం పెట్టుకోని చెప్పేది అని ఫోను పక్కన పెట్టేసేదాన్ని. అట్లట్ల నెలలు గడిచిపాయ. ఇప్పుడు సాక్షి కావాల్సొచ్చేసరికి ఫైలు సంచిలో పెట్టుకోని, పలమనేరు మీద పోయే బస్సెక్కి కుప్పానికి పోయినా.

రైల్వేస్టేషన్ వెనక వీధి. మామ వాకిట్లో కుర్చీ వేసుకోని అనపకాయలు ఒలుస్తాండాడు. నన్ను చూసి మొకమంతా నవ్వు చేసుకున్నాడు.

"రా పాపా, రా. అన్న బాగుండాడా? ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ అంటాంది. నా మీద ఏమన్నా కోపమొచ్చిందేమో అనుకుంటాండా."

కోపమంట! ఇన్ని నెలలూ ఆ మనిషి, నేనేం తప్పు చేసినా అని లోపల లోపల వెతుక్కుంటా కూర్చోనుండాడు.

"నాయన లేడు మామా" అన్నా.

ఎప్పుడు అని అడిగినాడు. చెప్పినా. చేతిలో ఉండే కాయని ఒలవకుండానే గింజల్లో వేసి, లేచి పెరట్లోకి పోయినాడు. కొళాయి శబ్దం శానాసేపు వినబడింది. తడి మొకంతో వచ్చి కూర్చోని, యాడ పెట్టినారు, పాడె ఎవురెవురు మోసినారు అని ఒక్కొక్కటే అడిగినాడు. నాకెందుకు చెప్పలేదని అడుగుతాడని నేను బస్సులో జవాబులు తయారు చేసుకోని పోయినా. ఆ ఒక్కటి మాత్రం అడగలేదు. అడిగి నాలుగు తిట్టుంటే నాకు బాగుండు. ఆయన కూతురు టీ గ్లాసు తెచ్చి నా ముందర ఠక్కున పెట్టి, నా మొకం గూడా చూడకుండా లోపలికి పోయింది.

నా సిగ్గులేనితనం చూడండి, ఆ టీ తాగి గ్లాసు కింద పెట్టి, ఫైలు బయటికి తీసినా. మామ సంతకాన్ని దూరం నుంచి, దగ్గర నుంచి చూసి, ఇది అన్నదే, ఇది నాదే అన్నాడు. కోర్టుకి ఎప్పుడు రావాల్నో చెప్పమన్నాడు.

వాయిదా దినం తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోని వచ్చినాడు. దేవుని సాక్షిగా అంతా నిజమే చెప్తానని చెప్పి బోనులో నిలబడినాడు. మా లాయరమ్మ అడిగినవి అడిగింది, ఆయన చెప్పాల్సింది చెప్పినాడు. అంతవరకు బాగుండాది. తర్వాత మా అన్న లాయరు లేచినాడు. వీలునామాకి సాక్షిగా పిలిచేంత దగ్గరి స్నేహితుడివి గదా, ఆయన చావుకి పోయినావా అని అడిగినాడు. పోలేదన్నాడు మామ.

"యాల పోలేదు? నీకు కబురే రాలేదా?"

లాయరు ఆ ప్రశ్న యాడికి తోలుకోని పోతాండాడో నాకు అర్థమయింది. చావు కబురు గూడా పంపనోనికి, ఆ ఇంటి వీలునామాతో ఏం పని? రాలేదని ఒక్క మాట అంటే నా కేసు సగం పడిపోతాది. దానికంటే ముందర, అంత మంది మధ్యన నా మొకం నేలకి రాసుకుంటాది. అటుపక్క బెంచీ మీద మా అన్న తల కిందికి వేసుకోనుండాడు. వాడికీ తెలుసు గదా. ఏడాదిగా ఏ మాటలోనూ కలవని అన్నాచెల్లెలం ఆ ఒక్క నిమిషం ఒకే నేలని చూస్తాండాం.

"వచ్చింది సార్" అన్నాడు మామ. "పాప ఫోన్ చేసింది. నేనే పోలేదు."

ఒంట్లో బాగలేదా అని అడిగినాడు లాయరు. బాగానే ఉండాది సార్, పోలేదంతే అన్నాడు. ఇంకొక అబద్ధం ఆడేదానికి ఆ మనిషికి చేత గాలేదు. చూడండి సార్ ఈ స్నేహం అని లాయరు జడ్జి వైపు తిరిగితే, వెనక ఎవురో కిసుక్కున నవ్వినారు. నేను లేచి నిలబడలేదు.

బయట, బస్టాండులో, యాల మామా అట్ల చెప్పినావు అని అడిగినా. ఆయన బస్సు బోర్డులు చూసుకుంటానే చెప్పినాడు.

"అన్న బిడ్డలు చావు కబురు గూడా చెప్పలేదని కోర్టు కాగితాల్లో రాసుకుంటారు గదా పాపా. అది అన్నకి మర్యాద గాదు."

కోర్టు వీలునామా నిజమేనని ప్రొబేట్ ఇచ్చింది. బ్యాంకు లోను ఇచ్చింది. పుంగనూరు రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు వేసి వచ్చినాం. కొన్నాయనకి తాళంచెవి ఇచ్చే దినం నేను మామకి ఫోన్ చేసి రమ్మన్నా. ఈసారి చెప్పినా చూడు అని నాకు నేనే గొప్పగా అనుకున్నా. ఆయన వచ్చి, గోడల మీద చెయ్యి పెట్టుకుంటా ఇల్లంతా ఒకసారి తిరిగి, వాకిట్లోకి వచ్చినాడు.

అప్పుడు పక్కింటి అత్త బయటికొచ్చింది. నాయనని మంచం మీద నుంచి కిందికి దించింది మొదలు, ఎత్తేదాకా ఆయమ్మ మా ఇంట్లోనే ఉండింది. కోర్టులో మాటలు పుంగనూరుకి వచ్చేదానికి ఎంతసేపు?

"చచ్చినప్పుడు రానోనివి, అమ్మేటప్పుడు వచ్చినావా సాయిబూ? నువ్వొస్తావని ఆ పొద్దు శవాన్ని ఎత్తనీకుండా ఆపింది నేను. ఈ పాపే చెప్పింది, చెప్పినామత్తా, బస్సులో వస్తాండాడు అని."

ఇది మీకు ఇంతసేపూ చెప్పలేదు. అవును, నేనే చెప్పినా. ఇంటినిండా జనం, కుప్పం సాయిబుకి చెప్పినారా అని ఆయమ్మ పదేపదే అడుగుతాంటే, నోరు మూయించేదానికి వస్తాండాడని అన్నా. ఫోన్ చేసినారా అని అన్ననైనా అడగలేదు. పొద్దుగూకేదాకా కాసుకోని, మనిషి రాకపోతే, ఇంక ఎత్తండి అనింది ఆయమ్మే.

మామ నా వైపు చూసినాడు. కుప్పంలో నేను కబురు చెప్పినప్పుడు గూడా ఆయన కండ్లు అట్ల లేవు. మరిచిపోయినారని అనుకోని ఉండాడు ఆ మనిషి ఇన్నాళ్ళూ. తర్వాత అత్త వైపు తిరిగి,

"నిజమేనమ్మా. వస్తానని చెప్పినా, రాలేదు" అన్నాడు.

అత్త ఛీ అని లోపలికి పోయింది. అప్పటికి కోర్టూ లేదు, వాయిదా లేదు, ఇల్లు గూడా నాది గాదు. నోరు తెరిచి ఉన్నది చెప్తే నాకు పోయేది ఏమీ లేదు. కొన్నాయన చెయ్యి చాపినాడు, తాళంచెవి ఆయన చేతిలో పెట్టినా. మామ నా కోసరం ఆగకుండా బస్టాండు వైపు నడిచిపోయినాడు.

ఇప్పుడు మదనపల్లెలో నా రెండు గదుల ఇంట్లో ఉండా. పక్కింటి అత్త అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాది. మాటల్లో మాటగా ఆ సాయిబుని తిడతాది, మీ నాయన ఎట్లాంటోన్ని నమ్మినాడు చూడు అంటాది. నేను ఊఁ కొడతా.