ముందు డబ్బాను అనుమానించు

మ్యూనిక్‌లో మా పై వాటాలోకి కొత్తగా దిగినవాళ్ళు శనివారం మధ్యాహ్నాలు పాటలు పెడతారు. మాటలు నా దాకా రావు. అడుగున మోగే బేస్ ఒక్కటే కప్పులోంచి దిగి వస్తుంది. సింకు పక్కన బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా వణుకుతాయి. మొన్న బియ్యం కడుగుతూ ఆ వణుకు విన్నాను. రెండు క్షణాల్లో పాట పట్టేశాను. అమెరికా దక్షిణాది ర్యాపర్ ఒకడి రెండో ఆల్బమ్‌లో మూడో పాట. అతని పేరు రాయను. రాస్తే పాటల పిచ్చి ఉన్న మావాళ్ళు మళ్ళీ వాదనకు దిగుతారు, నాకిప్పుడంత ఓపిక లేదు. గిన్నె చేతిలో పట్టుకుని పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. నాకు గుర్తొచ్చింది ఆ పాడినవాడు కాదు. ర్యాప్ అంటే మొహం ముడుచుకునే రవూఫ్ భాయ్.

రవూఫ్ భాయ్‌ది నల్గొండ. కార్ల్స్‌రూహెలో నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పిన సీనియర్. అది వినికిడి యంత్రాలు తయారుచేసే చిన్న సంస్థ. యంత్రం బజారుకు వెళ్ళేముందు ఊళ్ళోని పెద్దవాళ్ళను పిలిచి, హెడ్‌ఫోన్లు పెట్టి, వాక్యాలు వినిపించి, ఎవరికి ఎంత అర్థమైందో రాసుకోవడం మా పని. కంప్యూటరుకూ హెడ్‌ఫోన్లకూ మధ్య బూడిదరంగు డబ్బా ఒకటి ఉండేది. దాని వెనక వరసగా చిన్న చిన్న స్విచ్చులు. ఏది వేసి ఉందో ముందునుంచి చూస్తే తెలియదు. ఆయన రోజూ పొద్దున ఏడింటికే వచ్చి, కోటు కూడా విప్పకుండా, ఆ స్విచ్చులన్నీ వేలితో తడిమి చూసేవారు. నేను చేరిన మొదటి వారంలోనే నవ్వాను.

“వీటిని ఎవరు మారుస్తారు భాయ్, దెయ్యాలా?”

“దెయ్యాలెందుకు బేటా, మనం లేమా? మనిషికి సరిగ వినపడ్తలేదంటే ముందు డబ్బాను అనుమానించు. డబ్బ మంచిగున్నదని తేలినంక అప్పుడు మనిషి సంగతి చూడు.”

సీనియర్ చెప్పారు కదా అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకున్నాను, అంతే. నా స్వభావం దానికి పూర్తిగా ఎదురు. ఎవరినైనా, దేన్నైనా ఒక్క చూపుతో తేల్చి పారేయడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. కాకినాడలో మా అమ్మ నన్ను జడ్జిగారని పిలిచేది. ఆ తీర్పులిచ్చే సరదాతోనే తెలుగులో హిప్‌హాప్ గురించి రాసే పేజీ ఒకటి నడిపేదాన్ని. చదివేవాళ్ళు బెర్లిన్‌లో, హైదరాబాద్‌లో, ఇంకా ఎక్కడెక్కడో ఉండేవారు. అందరికీ నేను అక్కనే. అక్క బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. ఆ దక్షిణాది ర్యాపర్ మొదటి ఆల్బమ్‌ను మావాళ్ళకు పరిచయం చేసింది నేనేనని నాకు గర్వం కూడా. అందుకే రెండో ఆల్బమ్ విడుదలవుతుందన్న శుక్రవారం కోసం నెల రోజులుగా ఎదురుచూశాం.

ఆ శుక్రవారం పగలంతా ఒక్క పాట కూడా వినకుండా ఆపుకున్నాను. లాబ్‌లోని హెడ్‌ఫోన్లకన్నా మంచివి నాకెక్కడ దొరుకుతాయి? సాయంత్రం అందరూ వెళ్ళాక వాటితో వినాలని నా పథకం. మధ్యాహ్నం ముగ్గురు శ్రోతలు వచ్చి వెళ్ళారు. మూడో ఆయన హెర్ బ్రాంట్, రిటైరైన ట్రామ్ డ్రైవరు. మాకు పాత శ్రోత. వాక్యాలు విన్నాక హెడ్‌ఫోన్లు తీసి చేతిలో తిప్పుతూ, “ఈరోజు ఆ వాక్యాలు చదివే మనిషి గొంతు పలచగా ఉంది. నాకు వినికిడి తగ్గిందంటారా?” అని అడిగారు. “వయసుతో కొంచెం మార్పు మామూలే,” అన్నాను. కాగితంలో “వినికిడి క్షీణించినట్టుంది” అని రాశాను. ఆయన టోపీ పెట్టుకుని, ఎప్పుడూ చెప్పే వాతావరణం కబుర్లేవీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం అయిదింటికి లాబ్ కంప్యూటరులో ఆల్బమ్ మొదలుపెట్టాను. మొదటిదాంట్లో పాటలన్నీ పరుగులు. ఇందులో అన్నీ నెమ్మది. వాళ్ళ ఊళ్ళో వరదనీళ్ళు ఇంట్లోకి వచ్చిన సంగతి, చర్చి ఆర్గన్, మధ్యలో పెద్దావిడ ఎవరో దగ్గుతున్న శబ్దం. ఇంతా చేసి అడుగున ఏమీ లేదు. గొంతు గాలిలో తేలుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికి వెళ్ళే ట్రామ్‌లోనే రాసేశాను: “మొదటిసారి గుండెల మీద గుద్దినవాడు ఈసారి చెవిలో సణుగుతున్నాడు. బేస్ లేదు, ప్రాణం లేదు. పేరొచ్చింది, దమ్ము పోయింది.” నా స్టాప్ రాకముందే పోస్టు చేశాను.

ఇక కింద కామెంట్లు చూడాలి. “కరెక్ట్ అక్కా, నాకూ అదే అనిపించింది.” “అన్న అమ్ముడుపోయిండు.” సగంమంది ఫోనులోనే విన్నారని ఇప్పుడు తెలుసు, నా మాట చదివాక విన్నారనీ తెలుసు. “అదేంటక్కా, మా కారు అద్దాలు ఊగుతున్నాయి,” అని బెర్లిన్‌నుంచి ఒకతను రాస్తే, “మీ కారు పాతదేమో చూసుకోండి,” అని జవాబిచ్చాను. దానికి బోలెడన్ని నవ్వులు పడ్డాయి.

మర్నాడు రవూఫ్ భాయ్ తన కారులో నన్ను టర్కీవాళ్ళ దుకాణానికి తీసుకెళ్ళారు. శనివారం కూరగాయలకు ఆయనా, పద్నాలుగేళ్ళ కూతురు సనా, నేనూ కలిసి వెళ్ళడం అలవాటు. తిరిగి వస్తుంటే సనా తన ఫోనును కారుకు కలిపి ఆ ఆల్బమే పెట్టింది. మూడో పాట రాగానే నా ఒళ్ళో ఉన్న కొత్తిమీర సంచి గజగజలాడింది. నా సీటు కింద ఏదో జంతువు గుర్రుమన్నట్టయింది.

“లౌటర్, పాపా!” అంది సనా వెనకనుంచి. ఇంకా పెంచమని.

“ఇంతకంటె పెంచితే డోర్లు ఊడ్తయి,” అని రవూఫ్ భాయ్ నావైపు తిరిగారు. “మాధవీ, నువ్వు బాగలేదని రాసినవంట, ఇదేనా? వాడేమంటున్నడో నాకు ఒక్క ముక్క తెల్వది. కానీ బేస్ లేదంటవేంది? నా నడుము ఊగుతున్నది.”

నేను కొత్తిమీర సంచిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

“దేంట్ల విన్నవ్?”

“మన లాబ్ హెడ్‌ఫోన్లలోనే భాయ్.”

ఆయన చేయి చాచి పాట ఆపేశారు. సనా ఏదో జర్మన్‌లో గొణిగింది. “నిన్న పొద్దున చవక ఇయర్‌ఫోన్ల టెస్టుకు లో-కట్ వేసింది ఎవరు?”

లో-కట్ అంటే అడుగు శబ్దాలను కోసేసే స్విచ్. వేసింది నేనే. తీసినట్టు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా లేదు. ఆల్బమ్ సంగతి అప్పటికే మరిచిపోయాను. మధ్యాహ్నం వచ్చిన ముగ్గురూ అదే డబ్బాలోంచి విన్నారు. గొంతు పలచగా వినిపిస్తోందని హెర్ బ్రాంట్ అన్నారు. నేనేమో ఆయన వయసు మీదకు తోశాను.

రవూఫ్ భాయ్ నన్ను ఇంటి దగ్గర దింపి, కొత్తిమీర మరిచిపోవద్దని చెప్పి వెళ్ళిపోయారు.

ఆదివారం నాకు పెద్ద పరీక్ష అయింది. నాకింకా ప్రోబెట్‌సైట్ నడుస్తోంది, అంటే ఉద్యోగంలో మొదటి ఆరు నెలల పరీక్షాకాలం. అప్పుడు తీసేయాలంటే వాళ్ళు కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతే, నన్నిక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు చిక్కులో పడుతుంది. సోమవారం అందరికన్నా ముందు వెళ్ళి స్విచ్ పైకెత్తేస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక్క రవూఫ్ భాయ్‌కి. సిగ్గు విడిచి ఆయనకే ఫోన్ చేశాను.

“నేనేం చెయ్యాలి భాయ్?”

“పప్పు వండుకో, తిను, మంచిగ పండు. రేపు ఏడింటికి నేను లాబ్‌ల ఉంట.”

“అది కాదు భాయ్...”

“నాకు తెలుసు ఏది కాదో,” అని ఫోను పెట్టేశారు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. చెప్పు అనొచ్చు కదా, లేదా వద్దు అనొచ్చు కదా, అని ఆ రోజంతా తిట్టుకున్నాను.

సోమవారం ఏడింటికి ఆయన డబ్బా ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ లేనిది, స్విచ్చుల మీద చేయి వేయలేదు. నేను వెళ్ళి వెనక తడిమాను. లో-కట్ వేసే ఉంది. దాన్ని అలాగే ఉంచి మా లాబ్ అధికారి ఫ్రావ్ కెల్లర్ గది ముందు నిలబడ్డాను. ఆమె వచ్చాక అంతా చెప్పాను, నా సొంత పాటలు విన్న సంగతితో సహా. ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. “ఆ ముగ్గురికీ మీరే ఫోన్ చేయండి. తర్వాత నివేదిక రాయండి. మీ ప్రోబెట్‌సైట్ గురించి నెలాఖరులో మాట్లాడదాం,” అంది. మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు.

మొదటి ఇద్దరూ సరేనన్నారు. హెర్ బ్రాంట్‌కు చేసినప్పుడు నా జర్మన్ తడబడింది. తప్పు మీ చెవులది కాదు, నాది, స్విచ్ మరిచిపోయాను, అన్నాను. మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాను. తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేకపోయారు. దగ్గి, మళ్ళీ నవ్వి, “అమ్మాయీ, నిన్న చర్చి బృందంలో ఇక పాడనని చెప్పేసి వచ్చాను. నలభై ఏళ్ళుగా పాడుతున్నాను. మీరు ఫోన్ పెట్టేయండి, నేను వెంటనే వాళ్ళకు చేయాలి,” అన్నారు. నేను ఫోను పెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. భయంతోనో సంతోషంతోనో నాకే తెలియలేదు.

ఆ సాయంత్రం పేజీలో కూడా రాశాను: నేను బేస్ కోసేసిన డబ్బాలోంచి విన్నాను, నా సమీక్ష చెల్లదు, బెర్లిన్ అన్నా, మీ కారు బాగానే ఉంది. జనం వదుల్తారా? “అక్కా, చెవులు సర్వీసింగ్‌కి ఇచ్చావా?” “ఇన్నాళ్ళూ రాసినవి కూడా ఆ డబ్బాలోంచేనా?” కొందరు మళ్ళీ విని మనసు మార్చుకున్నారు. కొందరికి అప్పటికీ నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకిప్పటికీ మొదటి ఆల్బమే ఇష్టం. కాకపోతే ఇప్పుడు రెండోది ఎందుకు తక్కువ ఇష్టమో నాకు తెలుసు, నాకు పరుగు పాటలే కావాలి, అది అతని తప్పు కాదనీ తెలుసు.

బుధవారం హెర్ బ్రాంట్ వచ్చి మళ్ళీ విన్నారు. ఫలితం ఎప్పటిలాగే ఉంది. ఆయన్ని సాగనంపి రవూఫ్ భాయ్, నేను ట్రామ్ కోసం నిలబడ్డాం. ఆయన పట్టాలవైపు చూస్తూ మెల్లగా మొదలుపెట్టారు.

“నేనొచ్చిన మొదటి ఏడాది గిదే స్విచ్, మాధవీ. మూడు దినాల టెస్టు, పదకొండు మంది. అయిపోయినంక చూసుకున్న. నాది గూడ ప్రోబెట్‌సైట్. సనా అప్పుడు వాళ్ళమ్మ కడుపుల ఉన్నది. స్విచ్ ఎత్తేసి నోరు మూసుకున్న. అండ్ల ఒకామె పియానో నేర్పుతుండె. వినపడ్తలేదని పాఠాలు బంద్ పెట్టిందని తర్వాత విన్న. నిజంగనే వినపడక పెట్టిందో, నేను రాసిన కాయితం చూసి పెట్టిందో తెల్వది. అడుగుదామని ధైర్యం చేసేటాల్లకు ఆమె లేదు.”

నేను ఆయన చేతి సంచి పట్టుకున్నాను. “ఆదివారమే చెప్పాల్సింది కదా భాయ్,” అన్నాను.

“చెప్తే ఏమైతుండె? నా మీద జాలితోని పోయి చెప్పేటిదానివి. లేకుంటే, భాయ్ గూడ దాచిండు గద అని దాచేటిదానివి. రెండిట్ల ఏదీ నీది కాదు.” మళ్ళీ పట్టాలవైపు తిరిగి, “నువ్వు చెప్పకపోతే నేనే చెప్పేటోన్ని. ఆ ముసలాయన సంగతి నేను విడిచిపెట్ట. కానీ నీకొక్క దినం ఇయ్యాల్నని ఆగిన,” అన్నారు. ట్రామ్ వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని సనా పరీక్షల గురించి మాట్లాడారు.

నా ఉద్యోగం ఉంచారు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయనతో పనిచేసి మ్యూనిక్ వచ్చాను. రవూఫ్ భాయ్ పోయి ఈ చలికాలానికి రెండేళ్ళు. నేను మారిపోయానని చెప్పను. ఇప్పటికీ తొందరపడతాను, ఇప్పటికీ ఎవరినో ఒకరిని ఒక్క చూపుతో తేల్చేస్తాను, తర్వాత వెళ్ళి ఒప్పుకుంటాను. ఒప్పుకోవడానికి వెళ్ళేటప్పుడు తలుపు ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగిపోదామనిపిస్తుంది. అప్పుడు నాకు ఫోనులో హెర్ బ్రాంట్ నవ్వు వినిపిస్తుంది. రవూఫ్ భాయ్‌కి అలాంటి నవ్వు దొరకలేదు. అది నాకు దొరకాలనే, తన సంగతి చెప్పాలన్న ఆత్రం నోటిదాకా వచ్చినా, ఆ ఆదివారం ఆయన పప్పు వండుకోమని చెప్పి ఫోను పెట్టేశారు.