చినమావయ్యకి అందని సర్వరు

మా ఇంటికి ఇంటర్నెట్ వైరు లాగింది మా మావగారి తమ్ముడు, చినమావయ్య. గజపతినగరంలో సగం ఇళ్ళకి కేబులూ నెట్టూ ఆయనదే. వైరు తనది కాబట్టి అందులో పోయేదంతా ఉమ్మడి ఆస్తేనని ఆయన నమ్మకం. ఏ ఇంట్లోంచి ఏ సైటుకి వెళ్తున్నారో ఆయన కంప్యూటర్లో కనిపిస్తుంది. లోపల ఏం చదివామో కనిపించదు. ఆ లోటు ఆయన ఊహతో పూడ్చుకుంటారు.

పెళ్ళయి ఏళ్ళు గడిచినా మాకు పిల్లల్లేరు. ఎవరికీ చెప్పకుండా వైద్యం చేయించుకుందామని నేనూ మా ఆయనా విశాఖపట్నం ఆస్పత్రుల సైట్లు చూడటం మొదలుపెట్టాం. వారం తిరక్కుండా నౌపడ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, పసరు మందిచ్చే ఆయన అడ్రసు చెప్పింది. నీకెవరు చెప్పారంటే, "సిన్నాన్న సెప్పినాడు. ఆస్పత్రులు తెగ సూస్తన్నారంట కదా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

కంప్యూటరు పని చేసుకుని బతికేదాన్ని, దీనికి మందేమిటో నాకు తెలుసు. ఎక్కడో దూరాన ఒక సర్వరు అద్దెకి తీసుకుని, మన నెట్టంతా మూటకట్టి ముందు అక్కడికి పంపాలి. అక్కణ్ణుంచి అది లోకంలోకి వెళ్తుంది. వైరు యజమానికి మూట తప్ప ఇంకేమీ తెలీదు. దాన్నే వీపీఎన్ అంటారు. ఇక తేలాల్సింది ఆ సర్వరు ఎవరి దగ్గర తీసుకోవాలన్నదే.

నేను సింగపూరు అన్నాను. మా ఆయన పెళ్ళి సంబంధం చూస్తున్నట్టు మొదలెట్టాడు. "ఆళ్ళెవరు? అక్కడ మనోళ్ళెవరైనా ఉన్నారా? రేపు ఆగిపోతే ఎవరింటికెల్లి అడుగుతాం?" ఓ జర్మనీ కంపెనీ వాళ్ళ చాట్‌లోకి వెళ్ళి, మీ ఆఫీసు బస్టాండుకి దగ్గరేనా అని కూడా అడిగాడు. ప్రశ్న అర్థం కాలేదని వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. దాంతో వాళ్ళకి పొగరని తేల్చేశాడు. మా వైపు ఇంతే. చొక్కా గుడ్డ కొన్నా, కంటి ఆపరేషన్ చేయించుకున్నా మనోళ్ళ దగ్గరే కావాలి. వాళ్ళు ముంచినా మనోళ్ళేగా ముంచింది అన్న ధీమా.

చివరికి విజయనగరంలో సర్వర్లు అద్దెకిచ్చే ఒకాయన్ని పట్టాడు. మా ఆయన స్నేహితుడికి తోడల్లుడట, ఇంకేం కావాలి! నేను గొణిగానే గానీ, స్పీడు చూసి మురిసిపోయాను. పక్కగదిలో ఉన్నట్టు తెరుచుకునేవి సైట్లు. ధైర్యంగా ఒక ఆస్పత్రి ఎంచుకుని, అపాయింట్‌మెంటు కూడా తీసుకున్నాం.

ఆ నెల్లోనే బంధువులింట్లో బారసాల. బంతిలో కూర్చున్నాం. చినమావయ్య సాంబారు బకెట్టుతో వచ్చి, నా విస్తరి దగ్గర వంగి, వీధి చివరికి వినపడేంత గుసగుసగా, "అమ్మా, ఆ కొత్త ఆస్పత్రి మంచిది కాదంట. మానీయండి" అన్నారు.

"మీకెలా తెలుసు మావయ్యా?"

"మీ సర్వరు నా కంట్రోల్ రూంలోనే ఉన్నాది కదమ్మా. ఆ ఇజీనారం ఆయనకి ఏసీ గది లేదు, అన్నీ నా దగ్గరే ఎట్టుకున్నాడు. అక్కడ్నించి ఏ సైటుకెల్లినా నా వైరు మీదే. మీదని తెలిసి దానికి బొట్టు కూడా ఎట్టించాను. బయపడకు, నాను సూసుకుంటాను."

మా ఆయన వైపు చూశాను. ఆయన పప్పు కలుపుకోవడంలో మునిగిపోయాడు. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. మా గుట్టు సింగపూరు దాకా కూడా పోలేదు, రెండు వీధులవతల చినమావయ్య కంట్రోల్ రూంలోనే ఆగింది. ఏడుపొచ్చింది. ఇంత చిన్న విషయం, నాదీ మా ఆయనదీ అయిన ఒక్క విషయం, మా ఇద్దరి మధ్యా ఉంచుకోలేకపోయానే అని ఏడుపు. చుట్టూ చూస్తే, పక్క విస్తళ్ళ వాళ్ళంతా తినడం ఆపి చెవులప్పగించి ఉన్నారు. లేచి నిలబడ్డాను.

"అందరూ వినండి. మాకు పిల్లలు కావాలి. దానికోసం ఆస్పత్రికి వెళ్తున్నాం. పసర్లొద్దు, సలహాలొద్దు" అన్నాను.

చినమావయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది.

"అదేటమ్మా," అన్నారు బాధగా, "ఇలాటి ఇసయాలు నలుగురిలో సెప్తారేటి?"