మాణికప్ప పెరట్లో నా పరిశోధన

ఒక్క నవల చదివి ఒక పెద్దమనిషిని దొంగను చేసి, ఆయన ఏడాది పంట మీద పార దించిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. జహీరాబాద్‌లో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు.

అరవైల మొదట్లో మాట. హైదరాబాద్‌లో కాలేజీ చదువుతూ ఎండాకాలం సెలవులకు చిన్నమ్మ ఇంటికి వచ్చాను. వెంట ఒక అపరాధ పరిశోధన నవల. కథంతా అడవిలోనే. అందులో డిటెక్టివ్ ఎవరినీ ప్రశ్నలడగడు. వంగిన గడ్డిని చూస్తాడు, పిట్ట కూత వింటాడు, కొత్తగా తవ్విన మట్టిని వాసన చూసి దొంగసొత్తు బయటికి తీస్తాడు. అన్నం తింటూ, నడుస్తూ, బావిగట్టు మీద కూర్చుని రెండు రోజుల్లో ముగించాను. అప్పటిదాకా వేపకూ చింతకూ తేడా తెలియని నాకు ఇక ప్రతి ఆకూ సాక్షిలాగే కనిపించింది.

మర్నాడు పొద్దున చూస్తే చిన్నమ్మ పుట్టింటి ఇత్తడి బిందె మాయం. నా నవల అట్ట కూడా లేదు.

"దొంగకు చదువు కూడా వచ్చు," అన్నాను గంభీరంగా.

"దొంగ లేడు గింగ లేడు. నేనే ఏడనో పెట్టి మరిసి ఉంట," అంది చిన్నమ్మ.

నేను వింటానా? పక్కింటి మాణికప్ప పెరట్లోకి వెళ్లాను. మామిడిచెట్టు నీడలో ఒక గుంత. పైన పలకలు, వాటి మీద పేడమట్టి అలికి ఉంది, మధ్యలో చిన్న కన్నం. లోపలి సరుకుకు గాలి ఆడాలని పెట్టాడన్నమాట. బిందెకు గాలెందుకని నాకు తోచలేదు. కన్నానికి ముక్కు ఆనించాను. ఘాటుగా ఏదో వాసన. నేరం వాసన అనుకున్నాను.

మాణికప్ప మొగుడంపల్లి వెళ్లాడని తెలుసు. పార అందుకుని, పలకలు పక్కకు లాగి, కింద నిండా ఉన్న ఇసుకలో పోటు వేశాను.

"అరేయ్, ఏం జేస్తున్నవ్? ఆయన పెద్దమనిషిరా!" చిన్నమ్మ గోడ అవతలి నుంచి అరిచింది.

"నవలలోనూ పెద్దమనిషే చిన్నమ్మా!"

మూడో పోటుకు పార దేనికో తగిలి కసుక్కుమంది. ఇత్తడి కసుక్కుమనదు. తలెత్తితే ఎదురుగా మాణికప్ప.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"చిన్నమ్మ బిందె, కాకా. మీరే ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది."

ఆయన కోప్పడలేదు. వంగి, రెండు ముక్కలైన అల్లం కొమ్ము తీసి నా చేతిలో పెట్టాడు. "విత్తనం అల్లం బిడ్డా. వానలు పడంగనే పెట్టాలె. సంవత్సరమంత మేం బతికేది దీనిమీదనే."

పారను మెల్లగా వీపు వెనక దాచుకున్నాను. అంతలో ఆయన భార్య సంగమ్మ బావి నుంచి వస్తూ గోడ దగ్గర ఆగింది.

"అక్కా, గీ బిందె మీదే గద? బావిగట్టు మీదున్నది. అండ్ల ఏందో పుస్తకం అట్ట గూడ ఉన్నది."

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు చిన్నమ్మ సంతకు వెళ్తే, నీళ్లు తెచ్చి పెడదామని బిందె తీసుకెళ్లింది నేనే. ఊడిన అట్ట ఎగిరిపోకుండా బిందెలో వేసి, గట్టు మీదే ఆఖరి అధ్యాయం పూర్తి చేసి, పుస్తకం ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చిందీ నేనే.

తెగిన కొమ్ములన్నీ ఏరాను. తొలి వాన పడగానే, నడుం విరిగేలా వంగి, మిగిలిన విత్తనం ఆయన చేలో పెట్టాను. మాణికప్ప గట్టు మీద కూర్చుని, "డిటెక్టివ్ సాబ్, గీ కొమ్ము ఎవరు నరికిన్రో జర జూసి చెప్పు," అనేవాడు.

ఆ నవలలో డిటెక్టివ్ అందరినీ అనుమానించాడు, తనను తప్ప. నాకు వంటబట్టింది అదొక్కటే. అందుకే ఆ అల్లం చేలో నిలబడి, మట్టి చేతులతో ప్రమాణం చేశాను: ఇంట్లో ఏది పోయినా సరే, మొదటి కేసు నా మీదే పెడతానని. ఇన్నేళ్లలో దొంగ తప్పించుకున్నది లేదు.