మద్రాసు నుంచి కువైట్‌కు, మదనపల్లి మీదుగా

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, మా పుంగనూరులో విమానం అంటే తలెత్తి చూసేదే కానీ ఎక్కేది కాదు. ఇప్పుడు ఫోన్లో రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, మధ్య దూరమెంతో, విమానానికి ఎన్ని గంటలో చెప్పేస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు నడుం నొప్పి గుర్తొస్తుంది. మద్రాసు నుంచి కువైట్‌కు ఎంతసేపని అడిగితే, మదనపల్లిలో టికెట్టు ఇచ్చినాయన "ఐదు గంటలప్పా, ఒక కునుకు తీసేలోపల దిగేస్తావు" అన్నాడు. ఇంట్లో చెబితే మా అవ్వ నమ్మలేదు. "కుప్పం పోయేదానికే ఒక పూట పడతాది. సముద్రం దాటేదానికి ఐదు గంటలంటే ఎవురన్నా నవ్విపోతారు, ఊరుకోప్పా" అంది.

నాకక్కడ ఒక గోడౌన్లో గుమాస్తా పని దొరికింది. (ఎన్నాళ్లో తిరగ్గా దొరికిన పని, ఇది పోతే ఇంకొకటి లేదు.) కుప్పంలో రైలెక్కి మద్రాసు చేరాలి. బయలుదేరాల్సింది మంగళవారం. మంగళవారం మనవణ్ణి గడప దాటించడానికి అవ్వ ఒప్పుకోలేదు. చివరికి ప్రస్థానం పెడదామంది. అంటే మంచి ఘడియలో మన వస్తువేదైనా ముందుగా పోయే దిక్కులో ఇంకొకరింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. మనిషి తర్వాత తీరిగ్గా పోయి, దాన్ని తీసుకుని సాగిపోవచ్చు. సోమవారం పొద్దున అవ్వ ఒక గుడ్డసంచి కట్టి ఎదురింటి పెద్దమ్మకు ఇచ్చి వచ్చింది. (కువైట్ పడమర, మద్రాసు తూర్పు, ఏ దిక్కో తేలక ఎదురిల్లే దిక్కు చేసుకున్నాం.) చొక్కా, తుండుగుడ్డ పెట్టి ఉంటుందనుకున్నాను.

మంగళవారం తెల్లారి చూస్తే పెట్టెలో పాస్‌పోర్టు లేదు. టికెట్టూ లేదు.

"సంచిలో పెట్టినా" అంది అవ్వ. "సొక్కా పోతే ఏమొస్తాది? ఆ పుస్తకమే కదా పోయేది, నువ్వు దాని ఎనకాల పోతాండావు."

ఎదురింటికి పోతే తాళం. పెద్దమ్మ మొదటి బస్సుకే మదనపల్లిలో కూతురింటికి పోయిందట. నేను పోవాల్సింది కుప్పానికి, పాస్‌పోర్టు పోయింది సరిగ్గా దానికి ఎదురు దిక్కుకు. పెట్టెతోనే మదనపల్లి బస్సెక్కి, దారంతా నడుం విరిగేట్టు నిలబడి పోయి, ఆ ఇల్లు కనుక్కునేసరికి పెద్దమ్మ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చోనుంది. "ఒకరు నమ్మి ఇచ్చిందాన్ని బీగమేసిన ఇంట్లో ఎట్ల వదిలేది నాయనా, అందుకే తెచ్చుకున్నా" అంది. సంచి అందుకుని బస్టాండుకు పరుగెత్తాను.

కుప్పం బస్సు మళ్లీ పుంగనూరు మీదుగానే పోవాలి. బస్టాండులో ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే అవ్వ ఉంది, బస్సుకు వీపు తిప్పి. బయలుదేరినవాడి మొహం మళ్లీ చూస్తే వాడు తిరిగొచ్చినట్టే అవుతుందని ఆమె భయం. నేను పిలిస్తే, "దొరికిందా?" అని గోడను అడిగినట్టు అడిగింది. దొరికిందన్నాను. చెయ్యి వెనక్కి చాపి చిత్రాన్నం పొట్లం అందించింది. బస్సు కదిలేదాకా ఇటు తిరగలేదు. అప్పటిదాకా ఉన్న చిరాకంతా పోయి నాకు ఏడుపొచ్చింది.

రైలు అందింది, విమానమూ అందింది. ఎంత అలిసిపోయానంటే, అది పైకి లేచిందీ తెలియదు, దిగిందీ తెలియదు. మొదటిసారి విమానం ఎలా ఉందని ఎవరడిగినా ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

రెండేళ్లకు సెలవు మీద వచ్చి గడపలో నిలబడితే, అవ్వ చేట పక్కన పెట్టి వచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "ఆ పొద్దు సూడనేలేదు కదప్పా, ఉండు" అంది. పెట్టె దించకుండా అలాగే నిలబడ్డాను.

ఇప్పుడు విమానం దిగి ఇంటికొస్తే గడ్డం పట్టుకుని తిప్పేవాళ్లు లేరు. అయినా గడపలో పెట్టె దించకుండా కాసేపు ఆగుతాను. "యాల ఆడనే నిలబడుకోనుండావు?" అని మా ఆవిడ అడిగితే, నడుం పట్టేసిందని చెబుతాను.